రాత్రి కరెంటు బిక్షమ్మ

మా పల్లె దవాఖానలో ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఒక కార్డు రాసిపెడతాం. బీపీ, షుగరు, బరువు, పొగ, తాగుడు వరుసగా రాసుకుంటూ పోతే చిట్టచివర ఒక చిన్న గడి వస్తుంది. నిద్ర సరిగా పడుతుందా, అని. బిక్షమ్మ కార్డులో ఆ గడికి ఎదురుగా మూడేళ్ళు వరుసగా ‘అవును’ అని రాసింది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా డాక్టరు సారు కూడా మెచ్చుకుంటాడు. ఏం లాభం? ఆ మూడు మాటలూ అబద్ధం. అబద్ధమని రాసిన నాకూ తెలియదు, చెప్పిన బిక్షమ్మకూ తెలియదు.

నా పేరు శ్రీవాణి. పుట్టింది నల్లగొండ పక్కన పానగల్‌లో. నర్సు కోర్సు చదివి, అచ్చంపేటకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, దాచుకునే అలవాటు లేదు. చెప్పిన మాట వినని ముసలివాళ్ళను చూస్తే అది ఇంకాస్త పైకి వస్తుంది. ఊళ్ళో వాళ్ళు ఎదురుగా శ్రీవాణి మేడం అంటారు, చాటున మిరపకాయ మేడం అంటారు. నా చెవిన పడింది, ఏమీ అనలేదు. ఉన్నమాటే కదా.

బిక్షమ్మకు అప్పటికి అరవై మూడేళ్ళు. రెండెకరాల చేను, అందులో ఒక బోరు. వానకాలం పత్తి, యాసంగిలో పల్లి. భర్త కిష్టయ్య పోయి పదమూడేళ్ళయింది. ఒక్కడే కొడుకు మల్లేష్, అచ్చంపేట దారిలో ఆటో నడుపుతాడు. కొడుకూ కోడలూ ఆమెతోనే ఉంటారు గానీ చేను మాత్రం పూర్తిగా ఆమెది. దున్నించేది ఆమే, విత్తనం పెట్టేది ఆమే, కూలోళ్ళను పిలుచుకొచ్చేది ఆమే. చేనుకు పోని రోజు అత్తకు అన్నం సయించదని కోడలు చెప్పేది.

ఆమె బీపీ ఎప్పుడు చూసినా నూట డెబ్భై కిందికి దిగేది కాదు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. షుగరు కూడా మెల్లగా పైకి పాకుతోంది. మాత్రలు మింగడం లేదేమోనని అనుమానపడి ఇంటికి పోయి అట్టలు లెక్కపెట్టాను. ఒక్కటి తప్పలేదు. అయితే తప్పు ఉప్పుదే అని తేల్చేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

“తొక్కు తింటున్నవా అవ్వా?” అని అడిగాను.

“తొక్కు లేని బువ్వ బువ్వెట్లయితది బిడ్డా?”

“గదే మరి! ఇయ్యాల్టి సంది బంద్.”

మర్నాడు ఆమె మామిడి తొక్కు జాడీ చంకన పెట్టుకొని వచ్చి నా బల్ల మీద దించింది. “ఇంట్ల ఉంటే నోరూరుతది. నీ కాడనే ఉండనీ,” అంది. రెండు నెలలు ఆమె చప్పిడి తిండి తిన్నది. ఆ రెండు నెలలూ ఆ తొక్కు నేను తిన్నాను. ఆమె బీపీ ఒక్క గీత తగ్గలేదు. నాది మాత్రం భయమేసి చూసుకోలేదు.

ఆ ఏడు చలికాలంలో ఊళ్ళో కంటి పరీక్షలు జరిగాయి. బిక్షమ్మ కుడికన్ను పొర కమ్మి తెల్లబడిపోయింది. ఎడమకన్ను కూడా అదే దారిలో ఉంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. పాలమూరు నుంచి ఒక కంటి దవాఖాన వాళ్ళ బండి వచ్చి తీసుకుపోతుంది, మళ్ళీ తెచ్చి దింపుతుంది. షరతు ఒక్కటే: బీపీ దిగాలి.

ఇక్కడే మల్లేష్ అడ్డం తిరిగాడు. అంతకు నెల ముందు పత్తి ఏరుతూ ఆమె ఒక కట్లపాము పక్కనే చెయ్యి పెట్టిందట. పక్క సాలులో ఉన్న కూలామె కేకేసి లాగకపోతే అయిపోయేది. ఆ సంగతి చెప్పి అతను నా ముందే తల్లితో తేల్చి చెప్పాడు.

“మిర్గం లోపల కన్ను బాగయితే సరే. కాకుంటే చేను కౌలుకిస్త. గింతే.”

“చేను కౌలుకిచ్చి నేనేం జెయ్యాలెరా? పొద్దందాక గోడకు ఆనుకొని కూసోవాల్నా?” అంది బిక్షమ్మ. మామూలుగా ఆమె గొంతు పెద్దది. ఆ రోజు అది సగమే వచ్చింది.

మిర్గం అంటే జూన్ మొదటి వారం, విత్తనాల కాలం. అప్పటికి ఇంకా నాలుగు నెలలుంది. నాలుగు నెలల్లో బీపీ తగ్గించలేనా అని నేను ధీమాగా ఉన్నాను. మల్లేష్ మీద ఒళ్ళు మండింది కూడా. ఆ చేను లేకపోతే ఆమె ఏమైపోతుందో కన్న కొడుక్కి తెలియదా అనుకున్నాను.

ఫిబ్రవరిలో మొదటి బండి ఎక్కింది. పాలమూరులో చూస్తే నూట తొంభై రెండు. సాయంత్రానికే తిప్పి పంపారు. మార్చిలో రెండోసారి పంపాను. ఈసారి సాయంత్రం నూట అరవై ఉందని వార్డులో చేర్చుకున్నారు. నేను సంబరపడ్డాను. మర్నాడు పదకొండు గంటలకు వార్డు సిస్టర్ నుంచి ఫోను వచ్చింది.

“మీ పేషెంటు రాత్రి ఒంటిగంటన్నరకు లేచి, మెట్లు దిగి, జనరేటర్ రూము ముందట నిలవడ్డదమ్మా. కాళ్ళకు చెప్పులు లేవు. చేతుల యాడ దొరికిందో ఒక ఎండు కట్టె. మా వాచ్‌మన్ జడుసుకున్నడు. పొద్దుగాల బీపీ నూట తొంభై ఎనిమిది. సర్జన్ సారు లేదు పొమ్మన్నడు.”

సాయంత్రం బండి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ముసలివాళ్ళంతా పెళ్ళికొడుకుల్లా ఒక్కొక్కరే దిగారు. చిట్టచివర బిక్షమ్మ దిగింది, అద్దాలు లేకుండా. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నలుగురి ముందే, “నీకేమన్న పిస్స లేసిందా అవ్వా? నడిరాత్రి గక్కడ నీకేం పని?” అని కేకలేశాను. ఆమె కొంగు నెత్తిన కప్పుకొని ఇంటి దారి పట్టింది. ఆ రోజు నా నోటికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తెల్లవారి నేను దవాఖాన తాళం తీసేసరికి ఆమె మెట్టు మీద కూర్చొని ఉంది. నేను క్షమించమని అడిగేలోపే తనే మొదలుపెట్టింది.

“పిస్స లేవలే బిడ్డా. యాల్ల అయింది, లేచిన.”

“ఏం యాల్ల?”

“కరెంటు వచ్చే యాల్ల.”

నేను నల్లగొండ పిల్లనే, రైతు బిడ్డనే. ఆ మాట వినగానే నాకు మా నాయిన జ్ఞాపకం వచ్చాడు. అప్పట్లో బోర్లకు కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చేది. ఒక వారం పగలు వంతు, ఒక వారం రాత్రి వంతు. రాత్రి వంతు ఒంటిగంటకు వస్తుందో రెండింటికి వస్తుందో తెలియదు. మగవాళ్ళు టార్చిలైటూ కట్టే పట్టుకొని చీకట్లో చేనుకు పోయి మోటారు వేసేవాళ్ళు. పాములు కరిచి కొందరు, కరెంటు కొట్టి కొందరు పోయారు. తెలంగాణ వచ్చాక, రెండు వేల పద్దెనిమిది కొత్త సంవత్సరం నుంచి రోజంతా కరెంటు ఇస్తున్నారు. రాత్రి చేనుకు పోయే పని తప్పింది.

“ఇప్పుడు పగటీలే ఉంటది కద అవ్వా కరెంటు. ఇంక రాత్రి ఎందుకు లేస్తున్నవ్?”

“నీళ్ళు కట్టెతందుకు కాదు బిడ్డా. డబ్బ కాడికి పోత. బంద్ ఉన్నదా సూస్త. వస్త.”

డబ్బా అంటే మోటారు స్టార్టర్, చేనులో గుంజకు బిగించిన ఇనుప పెట్టె. ఎన్నాళ్ళుగా పోతున్నావని అడిగాను. పదమూడేళ్ళుగా, రోజూ, అని చెప్పింది. వానలో, చలిలో, జ్వరంలో కూడా.

“మరి నిద్ర సరిగ పడ్తలేదని నాకెందుకు చెప్పలే?”

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. “పడ్తది కద! పండుకుంటె టక్కున పడ్తది. లేచుడు వేరు, నిద్ర పట్టకపోవుడు వేరు. నువ్వు నిద్ర గురించే అడిగినవ్, లేచుడు గురించి అడగకపోతివి.”

రాత్రి వంతు కరెంటుతో బతికిన మనుషులకు సగం రాత్రి లేవడం జబ్బు కాదు, సేద్యంలో భాగం. పాలు పిండటం ఎలాగో అదీ అలాగే. ఆమె ఇంట్లో కూడా అది ఎవరికీ చెప్పుకోవలసిన విషయంగా తోచలేదు. నేను మాత్రం చదువుకున్నదాన్ని కదా, ఇంకో ప్రశ్న అడగాల్సింది.

ఆ రోజు అడిగాను. కిష్టయ్య ఎలా పోయాడని.

చేతులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. రాత్రి వంతు వారం. రోజూ ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు. ఆమె వెనక నిలబడి టార్చిలైటు పట్టేది, అతను మోటారు వేసేవాడు. ఆ రోజు పగలంతా నాట్లకు కూలికి పోయి వచ్చింది, ఒళ్ళు హూనమైంది. “ఇయ్యాల నువ్వే పోరాదు, నేను జర పండుకుంట,” అంది. అతను సరే అని ఒక్కడే పోయాడు. స్టార్టర్ డబ్బా ముట్టుకున్నాడు, దానికే అతుక్కుపోయాడు. తెల్లారి ఎవరో వచ్చి తలుపు కొట్టేదాకా ఆమెకు మెలకువ రాలేదు.

“గా రాత్రి నేను పండుకున్న బిడ్డా,” అంది. “ఆయన గక్కడ సచ్చిపోతాంటే నేను ఒళ్ళెరుగకుంట పండుకున్న. ఇంక గా యాల్లకు నాకు నిద్రేంది?”

ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. రికార్డు పుస్తకాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

మా మండలం డాక్టరు అమరేందర్ సారు నిదానస్తుడు. నేను పోయి గుక్క తిప్పుకోకుండా అంతా చెబితే, విని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

“కార్టిసాల్ గురించి చదువుకున్నవ్ గదా,” అన్నాడు. “ఆందోళన పడ్డప్పుడు ఒంట్లకు వచ్చే హార్మోను. మామూలుగ అది అర్ధరాత్రి ప్రాంతంల అన్నిటికన్న తక్కువ ఉంటది, తెల్లారగట్ల పెరిగి మనిషిని లేపుతది. ఈమెను సగం రాత్రే భయం లేపుతాంది. భయంతోటి లేస్తే గుండె ఉరుకుతది, బీపీ లేస్తది, కాలేయం చక్కెరను రక్తంలకు వదుల్తది. రాత్రిపూట దిగాల్సిన బీపీ దిగకపాయె. వయసు మీద పడ్డంక నిద్ర ఎట్లాగూ పలచనైతది, రాత్రి గుడ ఈ హార్మోను జర ఎక్కువే ఉంటది. మనసు బాగలేకుంటే నిద్ర చెడ్తది, నిద్ర చెడితే మనసు ఇంకింత చెడ్తది. నిద్ర ఒక్కటే కారణమని నేను రాసియ్యలేను. కాని మూడు మాత్రలు మింగినా బీపీ దిగకపోతే మనం మొదలు అడగాల్సింది గిది.”

“నిద్రమాత్ర రాస్తరా సార్?”

“వద్దు. గీ వయసుల నిద్రమాత్ర మింగి చీకట్ల లేస్తే తూలి పడ్తది, తుంటి ఎముక ఇరుగుతది. అయినా ఆమెకు నిద్ర రాక కాదు కదా. నిద్రపోవుడే తప్పు అనుకుంటాంది. నువ్వు, నేను ఎంత చెప్పినా అది పోదు. గా రోజు గక్కడ ఉన్నోళ్ళు, కండ్లతోటి సూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా, కనుక్కో.”

నేను వెంటనే కనుక్కోలేదు. ముందు నా తెలివి చూపించాలి కదా! ఒక అట్ట మీద మూత్రపిండాలు గీసి, వాటి నెత్తిన ఉండే గ్రంథులు గీసి, హార్మోను ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో ఎర్ర పెన్నుతో గీత గీసి, బిక్షమ్మకు అరగంట పాఠం చెప్పాను. ఆమె ఒంటికన్నుతో శ్రద్ధగా చూసింది.

“మంచిగ గీసినవ్ బిడ్డా,” అంది చివరికి. “గీ రెండింటికి టోపీలెందుకు పెట్టినవ్?”

అట్ట చుట్టచుట్టి బీరువా వెనక పడేసి, అచ్చంపేట బస్సెక్కాను. కిష్టయ్య పోయిన తెల్లారి మోటారూ డబ్బా ఊడదీసింది లియాఖత్ సాబ్ అని బిక్షమ్మ చెప్పింది. అచ్చంపేటలో నలభై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టే పని ఆయనది. డెబ్భై ఏళ్ళు, తెల్ల గడ్డం, మోకాళ్ళ నొప్పులు. బిక్షమ్మ పేరు చెప్పగానే చేతిలో తీగచుట్ట కింద పెట్టేశాడు. నేను మొత్తం చెప్పాను. “ఆదివారం వస్త,” అన్నాడు.

చెప్పినట్టే ఆదివారం పొద్దున పాత స్కూటరు మీద వచ్చాడు. బిక్షమ్మ ఇంటి ముందు మంచం వేశారు. ఆమె కొంగు సర్దుకొని గడప దగ్గర నిలబడింది. ఆ చావు తర్వాత వాళ్ళిద్దరూ ఎదురుపడటం అదే మొదలు. మధ్యలో మోటారు కాలినా మల్లేషే పట్టుకుపోయి పట్టుకొచ్చేవాడు.

“చెల్లె, గీ మాట పదమూడేండ్ల కిందనే చెప్పాల్సింది. నాకు ధైర్యం సాలలే,” అన్నాడు లియాఖత్ సాబ్. “గా దినం డబ్బ నేనే ఇప్పిన. లోపల తీగె తొడుగు ఎలుక కొరికింది. తీగె పోయి ఇనుముకు ఆనింది. డబ్బకు ఎర్తు లేదు. రాత్రి వాన వడ్డది, కాళ్ళ కింద అంత బురద. లైన్‌మన్ ముందటనే టెస్టర్ వెట్టి సూసిన. డబ్బ మొత్తం కరెంటే. ఎవ్వలు ముట్టుకున్నా గంతే.”

బిక్షమ్మ తలుపు పట్టుకుంది.

“ఒకటి అడుగుత, చెప్పు. గా రాత్రి నువ్వు ఎంబడి పోతే ఏం జేస్తుంటివి?”

“బ్యాటరీలైటు పట్టుకొని ఎన్క నిలవడుతుంటి.”

“కిష్టయ్య డబ్బకు అతుక్కుంటే?”



“గుంజుతుంటి.”

“గుంజినోళ్ళను నేను సూసిన చెల్లె. నా నలభై ఏండ్ల పనిల మూడు ఇండ్లల్ల సూసిన. మొగన్ని గుంజబోయిన పెండ్లాన్ని సూసిన, తమ్మున్ని గుంజబోయిన అన్నను సూసిన. ఒక్కలు గుడ బతకలే. నువ్వు పోయినా కిష్టయ్య దక్కకపోతుండె. పొద్దుగాల రెండు పీనుగులు లేస్తుండె. నువ్వు పండుకున్నవు గనుకనే మల్లేష్‌కు తల్లి మిగిలింది. గా నిద్ర తప్పు కాదు. అల్లా ఇచ్చిండు అనుకో, నీ దేవుడు ఇచ్చిండు అనుకో.”

బిక్షమ్మ గడప మీద మెల్లగా కూలబడింది.

“నిజంగనే రెండు లేస్తుండెనా అన్నా?”

“కురాన్ మీద ఒట్టు. లేస్తుండె.”

అప్పుడు ఏడ్చింది. కిష్టయ్య పోయినప్పుడు కూడా ఆమె అంతలా ఏడవలేదని ఊళ్ళో వాళ్ళు తర్వాత చెప్పారు. ఎవరమూ ఆపలేదు. కోడలు వచ్చి పక్కన కూర్చొని వీపు నిమిరింది. అంతా అయ్యాక లియాఖత్ సాబ్ గొంతు సవరించుకొని, ఎర్తు వేయించుకో అని కిష్టయ్యకు తాను ముందే చెప్పాననీ, పంట అయినంక చూద్దాంలే అంటే గట్టిగా పట్టుబట్టలేదనీ, ఆ ఫికర్ తనను ఇన్నేళ్ళూ తింటోందనీ చెప్పాడు.

బిక్షమ్మ ముక్కు తుడుచుకొని, “ఆయన ఎవ్వల మాట ఇన్నడన్నా? నా మాటనే ఇనకపోవు, నీ మాట ఇంటడా!” అంది. ఇద్దరూ నవ్వారు. ఎవరిని ఎవరు ఓదార్చడానికి వచ్చారో నాకు అర్థం కాలేదు. కానీ ఆ ముసలాయన పట్ల నాకు కలిగిన కృతజ్ఞత ఇంతా అంతా కాదు. పదమూడేళ్ళు నోరు విప్పని మనిషి, అడగగానే మోకాళ్ళ నొప్పులతో వచ్చి అంత మాట చెప్పి పోవడం చిన్న సంగతి కాదు.

ఆయన అంతటితో పోలేదు. అందరినీ వెంటబెట్టుకొని చేనుకు తీసుకుపోయాడు. కిష్టయ్య పోయాక డబ్బా కొత్తది వచ్చింది గానీ, ఎర్తు మాత్రం ఒక తీగను ఊరికే మట్టిలో గుచ్చి వదిలేశారట. మల్లేష్ చేత డబ్బా పక్కన లోతుగా గుంత తవ్వించి, ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోయించాడు. నేను ఆమె కంచంలో బంద్ పెట్టించిన ఉప్పంతా ఆ గుంతలోకి పోతుంటే బిక్షమ్మ నా వైపు చూసి మూతి విరిచింది. తీగ బిగించాక ఆయన టెస్టర్ ఆమె చేతికిచ్చాడు. డబ్బాకు ఆనించి చూడమన్నాడు. లైటు వెలగలేదు.

“ఇప్పుడు చెయ్యి వెట్టు.”

ఆమె పదమూడేళ్ళుగా ఎండు కట్టెతోనే మోటారు మీట నొక్కేది, డబ్బాను ఒట్టి చేత్తో ముట్టుకున్నది లేదు. పట్టపగలు, మా అందరి ముందు, అరచెయ్యి తెచ్చి ఆ ఇనుము మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. “ఎండకు కాలుతాంది,” అని తీసేసింది.

మర్నాటి నుంచే అంతా బాగైపోయిందని రాస్తే నేను మళ్ళీ కార్డు మీద అబద్ధం రాసినట్టే. మొదటి వారం ఒంటిగంటకు లేస్తూనే ఉంది. కానీ బయటికి పోలేదు, మంచం మీదే కూర్చునేది. కోడలు తన మంచం తెచ్చి పక్కన వేసుకుంది. ఆమె లేస్తే కోడలూ లేచి, ఇద్దరూ ఏదో మాట్లాడుకొని మళ్ళీ పడుకునేవాళ్ళు. అమరేందర్ సారు చెప్పినవి నేను అమలు చేయించాను: సాయంత్రం చాయ్ బంద్, మధ్యాహ్నం కునుకు అరగంటకు మించొద్దు, రోజూ ఒకే వేళకు లేచి పొద్దుటి ఎండలో చేనుకు నడవాలి, మాత్రలు మాత్రం తప్పొద్దు. మూడో వారానికి రెండు రాత్రులు లేవనే లేదని కోడలు పరుగెత్తుకొచ్చి చెప్పింది. బీపీ నూట అరవై ఆరు, నూట యాభై నాలుగు, నూట నలభై ఆరు, అలా మెట్లు దిగినట్టు దిగింది. ఆకలి పెరిగింది. కూలోళ్ళ మీద కేకలేయడం కూడా మళ్ళీ మొదలుపెట్టింది, గొంతు పూర్తిగా తిరిగొచ్చింది.

మే నెల ఆఖరి వారంలో మూడోసారి బండి ఎక్కింది. మిర్గానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఈసారి మల్లేష్ కూడా వెంట పోయాడు. నేను ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు, అది వేరే సంగతి. తెల్లవారి మొదటి బస్సుకే పాలమూరు చేరాను.

వార్డు సిస్టర్ నన్ను చూడగానే, “ఎక్కడి పేషెంటును తెచ్చినవమ్మా! ఆరింటికి బీపీ చూస్తమని లేపితే, జర ఆగు బిడ్డా అని అటు మళ్ళి పండుకుంటాంది,” అంది. నూట ముప్ఫై ఎనిమిది. తొమ్మిదింటికి లోపలికి తీసుకుపోయారు. పదింటికల్లా కుడికంటికి కట్టుతో బయటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అంతా బాగా జరిగిందని సర్జన్ చెప్పాడు. నేను గోడ వైపు తిరిగి కాసేపు దండం పెట్టుకున్నాను, ఏ దేవుడికో చూసుకోలేదు.

బయట బెంచీ మీద మల్లేష్ ఉన్నాడు. కళ్ళు ఎప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి. తాగుతాడని నా గట్టి నమ్మకం. పక్కన కూర్చొని, ఊరుకోలేక ఒకటి అంటించాను. “మరింక చేను కౌలుకిచ్చే పని తప్పింది కద.”

“నేను కౌలుకిస్త అన్నది కన్ను గురించి కాదు మేడం,” అన్నాడు. నా వైపు చూడలేదు. “అమ్మ రాత్రి చేనుకు పోయేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి పోయేది. నేను ఎంబడి వస్తనని. బాపు లెక్క నన్ను గుడ యాడ పోగొట్టుకుంటదో అని. తిరిగొచ్చి గొళ్ళెం తీసిన సప్పుడు ఇనేదాక నేను మంచంల కూసునేది. పదమూడేండ్లు గట్లనే కూసున్న. చేను లేకుంటెనన్న పోకుంట ఉంటదనుకున్న.”

ఎన్ని రోజులు ఈ మనిషిని తిట్టుకున్నాను! “నిన్న రాత్రి?” అని మాత్రం అడిగాను.

“నిన్న గుడ కూసున్న. ఒంటిగంట అయింది, లేవలే. రెండయింది, లేవలే. మల్ల లేస్తదేమో అని తెల్లారిందాక సూసిన మేడం. లేవనే లేవలే.” చెబుతూ చెబుతూనే గోడకు తల ఆనించాడు. నేను నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చేలోపే నిద్రపోయాడు. నోరు తెరుచుకొని, చిన్నపిల్లాడిలా.

సిస్టర్ వచ్చి, కొడుకును లోపలికి రమ్మంటున్నారంది. నేనే పోయాను. బిక్షమ్మ అలికిడికి ఇటు తిరిగింది.

“మల్లేషా?”

“నేను అవ్వా, శ్రీవాణిని. మల్లేష్ బయట బెంచీ మీద పండుకున్నడు. లేపి తోలుకరానా?”

“వద్దు,” అంది వెంటనే. తడుముతూ నా చెయ్యి పట్టుకుంది. “నేను గొళ్ళెం తీసేటప్పుడు వాని మంచం కిర్రుమనేది బిడ్డా. నాకెరుకే. వాడు నిద్ర పోక గుడ పదమూడేండ్లాయె. లేపకు.”